సముద్రతీరపు పరుగు బాటలు

మా ప్రాంతములో పిల్లలు పరుగెత్తేది ఎక్కువగా ఉద్యోగము కొరకే. కొత్తగూడెము చుట్టుప్రక్కల పల్లెలలో తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు రోడ్డు మీద పరుగెత్తే యౌవనస్థుని ఆపి అడిగితే, పోలీసు సెలెక్షన్ అనో, మిలిటరీ అనో చెప్తాడు. తెలంగాణలో 2022లో వెలువడిన కానిస్టేబుల్ నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలో పరుగెత్తవలసి వచ్చినది. ఆ కొద్ది నిమిషముల మీదనే ఒక్కొక్క ఇంటి ఆశ నిలిచియుంటుంది.

అయితే వారు పరుగెత్తే చోటు ఏది? పట్టణములో ప్రకాశం స్టేడియము ఉన్నది. పల్లెవారికి రోడ్డే మైదానము. మా రోడ్ల మీద రాత్రింబవళ్లు బొగ్గు లారీలు తిరుగుతాయి. చలికాలములో కిన్నెరసాని వైపు నుండి మంచు కమ్ముకొంటే పది అడుగుల ముందున్న మనిషి కనబడడు. రెండేళ్ల క్రిందట అటువంటి ఒక ఉదయమున మా సంఘములోని ఒక అబ్బాయిని లారీ కొట్టి పోయినది. ప్రాణము దక్కినది గాని కుడికాలు రెండు చోట్ల విరిగినది. డాక్టర్లు రాడ్డు వేశారు. ఆ ఏడు సెలెక్షన్ పోయినది. వాని తల్లి కూలికి పోయి వానిని డిగ్రీ వరకు చదివించినది. "అయ్యగారూ, నాకు పోలీసు ఉద్యోగం వద్దు. వాణ్ణి మళ్లీ రోడ్డెక్కనియ్యను" అన్నది. ఆమెకు ఏమి చెప్పగలము?

గత జనవరిలో విశాఖపట్టణములో స్థిరపడిన మా సంఘ కుటుంబము ఒకటి మమ్మును రమ్మని పిలిచినది. మేము, అమ్మగారు, ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి కలిసి రాత్రి బస్సెక్కాము. ముగ్గురిలో ఒకడు ఆ కాలు విరిగినవాడే. మెల్లగా పరుగెత్తవచ్చునని డాక్టరు అప్పటికే చెప్పియున్నారు గాని వానికే ధైర్యము చాలలేదు. సముద్రము చూపించి తీసుకొని వస్తామని వాని తల్లిని ఒప్పించాము.

విశాఖలో మమ్మును అన్నిటికంటె ఆశ్చర్యపరచినది సముద్రము కాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనములను ఆపివేసి, దారిని మనుష్యులకు విడిచిపెడుతున్నారు. కోస్టల్ బ్యాటరీ మొదలుకొని పార్కు హోటలు వైపుగా సుమారు మూడు కిలోమీటర్లు ముసలివారు, పిల్లలు, చీర మీద బూట్లు తొడుక్కొన్న అమ్మలు, అందరూ నిర్భయముగా నడుస్తున్నారు, పరుగెత్తుతున్నారు. మా అబ్బాయి కాసేపు అటు ఇటు చూచి, "అయ్యగారూ, వెనక నుంచి ఏ బండీ రాదా?" అని అడిగాడు. రాదని చెప్పగా మెల్లగా పరుగు అందుకొన్నాడు. ఆ దారిలోనే కురుసుర జలాంతర్గామి ఉన్నది. నౌకాదళమునకు సేవ చేసి విరమించిన దానిని 2002లో ప్రదర్శనశాలగా చేసి ఒడ్డున నిలిపారు. దాని ఎదుటనే 2017 నుండి టి.యు. 142 విమానము కూడా ఉన్నది. 1971 యుద్ధములో ప్రాణమిచ్చినవారి స్మారకమూ అక్కడే కలదు.

ఈ పట్టణముతో మన సంఘములకు మరొక బంధము ఉన్నది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను వారు ఇక్కడనే దిగి తెలుగు నేర్చుకొన్నారు. ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. వారిద్దరూ 1810 నాటికే మరణించారు. వారు సిద్ధపరచిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మొదలుపెట్టినవారు ముగింపు చూడలేదు. తరువాతివారు ఆ పనిని అందుకొన్నారు.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ప్రతి ఉదయము మాకు తోడైనాడు. ఇసుకలో పరుగెత్తబోయిన మా పిల్లలను ఆపి, "ఇసుక నీళ్ల వైపు వాలుంటది బాబూ. ఎంత దూరం పోతే అంత దూరం అదే ఇసుకలో తిరిగి రావాల. లేపోతే ఒక కాలికే బరువు పడిపోద్ది" అన్నాడు. ఆటు సమయములో తడిసి గట్టిపడిన ఇసుక మీద పరుగెత్తవచ్చును గాని పొడి ఇసుకలో పిక్కలు త్వరగా పట్టేస్తాయని చెప్పాడు. దెబ్బ తగిలిన కాలు గలవాడు రోడ్డు విడిచి దిగవద్దన్నాడు. స్నానమునకు మాత్రము ఎవరినీ నీళ్లలోనికి పోనివ్వలేదు. ఆ తీరములో అలలు పైకి మంచిగానే కనబడి, క్రింద నుండి లాగివేస్తాయట.

గాలి సంగతి కూడా అక్కడనే తెలిసికొన్నాము. తెల్లవారకముందు గాలి నేల మీద నుండి సముద్రము వైపు వీస్తుంది. ఎండ ఎక్కిన తరువాత సముద్రము మీద నుండి నేల వైపు తిరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట ఆరదు. ఒళ్లు చల్లబడదు. కొత్తగూడెములో ఆరు కిలోమీటర్లు సులువుగా పరుగెత్తే మా అమ్మాయి అక్కడ నాలుగు కిలోమీటర్లకే ఆగి కూర్చున్నది. చిటికెడు ఉప్పు, కొంచెము పంచదార కలిపిన నీళ్లు త్రాగించిన తరువాత తేరుకొన్నది.

మూడవ దినమున భీమిలి దారి పట్టాము. నగరము నుండి భీమునిపట్నము 30 కిలోమీటర్ల లోపే. అంత దూరము పరుగెత్తగలవారము కాము గనుక ఆటోలో వెళ్లుచు, మంచి చోట్ల దిగి పరుగెత్తాము. సుమారు 16 కిలోమీటర్ల వద్ద తొట్లకొండ వచ్చును. నీళ్ల కొరకు రాతిలో తొలిచిన తొట్లను బట్టి ఆ పేరు వచ్చినది. రెండు వేల ఏండ్ల క్రిందట బౌద్ధ సన్యాసులు నివసించిన చోటు అది. 1970లలో నౌకాదళము వారి సర్వేలో బయటపడగా, 1988 నుండి పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపారు. అక్కడ రోమా వెండి నాణెములు దొరికాయి. సువార్తలలో మనము చదివే ఆ రాజ్యముతో మన తీరమునకు వర్తకము ఉండెనన్నమాట! మలుపులు తిరిగే ఆ ఎత్తుదారి పోలీసు పరుగుకు మంచి సాధన. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేయవలెను. దిగేటప్పుడు మోకాళ్లు అదరకుండ నెమ్మదిగా దిగవలెను.

అది దాటితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏండ్లుగా గాలి, నీరు, ఇసుక కలిసి చేసిన దిబ్బలవి. 2014లో జియలాజికల్ సర్వేవారు వాటిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించారు. మనుష్యులు తొక్కితే కరిగిపోయే మట్టి గనుక పిల్లలను దిబ్బల మీదికి పోనివ్వక రోడ్డు ప్రక్కనే ఉంచాము.

భీమిలిలో గోస్తనీ నది సముద్రములో కలియుచున్నది. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన పట్టణమిది. 17వ శతాబ్దములో డచ్చివారు వర్తకమునకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1825లో ఇది ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. లైట్‌హౌస్ మొదలుకొని నది ఒడ్డు వరకు పరుగు బాట నెమ్మదిగా, నీడగా ఉన్నది. డచ్చివారి సమాధుల వద్ద మేము పరుగు ఆపి నడిచాము. తమ దేశమునకు తిరిగి పోలేక ఈ ఇసుకలోనే ఉండిపోయినవారు వారు. మా అబ్బాయి చాలాసేపు అక్కడ నిలబడి, "అయ్యగారూ, ఇంటికెళ్లాక అమ్మని మీరే అడగండి" అన్నాడు.

అడిగాము. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. రోడ్డు ఎక్కకుండ ఉంటేనే అన్నది. ఆ మాటతోనే మాకు పని దొరికినది. సంఘపెద్దలతో కలిసి బడి హెడ్మాస్టరు గారిని కలిసికొని, ఉదయము ఐదు నుండి ఆరున్నర వరకు మైదానమును అడిగి తీసికొన్నాము. త్రాడుతో కొలిచి 200 మీటర్ల చుట్టు గీశాము. ఎనిమిది చుట్లు తిరిగితే 1600 మీటర్లు. తల్లిదండ్రులు వంతుల ప్రకారము టార్చిలైటు పట్టుకొని కూర్చుంటారు. మొదటి వంతు ఆ తల్లే తీసికొన్నది. ఇప్పుడు పదునాలుగు మంది పిల్లలు వస్తున్నారు. వారిలో ఐదుగురు ఆడపిల్లలు. ఆ అబ్బాయి ఎనిమిది చుట్లను తొమ్మిది నిమిషములకు తెచ్చాడు. ఇంకా దాదాపు రెండు నిమిషములు తగ్గవలెను. వయస్సు హద్దు మాత్రము ఆగదు. సాధించునో లేదో మేము చెప్పలేము గాని, ఇప్పుడు వాడు వెనుకకు తిరిగి చూడకుండ పరుగెత్తుచున్నాడు.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలోను ఇటువంటి పిల్లలు ఉందురు. వారికి మైదానము లేకపోతే అడిగి ఇప్పించండి. రోడ్డు తప్పనిసరియైతే ఎదురుగా వచ్చే బండ్లు కనబడునట్లు కుడి ప్రక్కన పరుగెత్తుమనండి. తెల్లని చొక్కా తొడగండి. చెవులలో పాటలు పెట్టుకొనవద్దని చెప్పండి. మంచు పట్టిన ఉదయమున ఆ ఒక్క పూట ఆపండి. పట్టణమువారు ప్రతి ఉదయము ఒక రోడ్డునే విడిచిపెట్టగలిగినప్పుడు, మన పిల్లల కొరకు ఒక బడి మైదానమును, ఒక టార్చిలైటును మనము ఇవ్వలేమా?