నాన్నగారి నుదుట విభూతి ఏమైంది?

ఫిల్ము గొప్పదా, డిజిటల్ గొప్పదా? సినిమా వదిలాక టీకొట్టు దగ్గర కుర్రకారు తెగ వాదించుకునే సంగతి ఇది. నేనూ వాదించినవాణ్ణే. మా ఇంట్లో మాత్రం ఆ తగువు నాన్నగారి ఫోటో దగ్గర తేలింది.

ఆయన పోయాక పటం కట్టిద్దామని వెతికితే రెండు ఫోటోలు దొరికాయి. రెండూ ద్రాక్షారామంలో సప్తగోదావరి గుండం మెట్ల మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినవే. 1996లో బాబాయి ఫిల్ము కెమెరాతో తీసింది ఒకటి. 2012లో నేను కొత్త డిజిటల్ కెమెరాతో తీసింది రెండోది.

నాది చూస్తే కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ నుదుట విభూతి రేఖలేవీ? కండువా ఒట్టి తెల్లకాగితం! కంప్యూటర్లో ఎంత తగ్గించినా బూడిదరంగు మచ్చ వచ్చిందే తప్ప విభూతి రాలేదు.

కారణం చిన్నదే. డిజిటల్లో ప్రతి చుక్కా ఒక బుల్లి గిన్నె అనుకోండి. వెలుతురు నిండి పొర్లిందా, ఆపైన ఎంత పోసినా ఒకటే తెలుపు. నెగెటివ్ ఫిల్ము అలా కాదు. వెలుతురు పెరిగినకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడుతుంది. అందుకే బాబాయి నెగెటివ్ స్కాన్ చేయిస్తే కాస్త గరుకుగా ఉన్నా, మూడు రేఖలూ, కండువా మడతలూ భద్రంగా బయటపడ్డాయి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అదే రీలులో సాయంత్రం గుడి మంటపంలో తీసినవన్నీ మసిగుడ్డల్లా వచ్చాయి. నా డిజిటల్ కెమెరాకు దీపం వెలుగులోనే అమ్మ నవ్వు దక్కింది!

డిజిటల్ ఇంతదవుతుందని మొదట ఎవరనుకున్నారు? 1975లో ‘ముత్యాలముగ్గు’ ఫిల్ము మీద రంగులు పండించి ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకు జాతీయ అవార్డు తెచ్చింది. అదే ఏడు అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవ్ శాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా బొమ్మలో ఉన్నవి పదివేల చుక్కలే. అదీ నలుపు తెలుపుల్లో. ఆ కాస్త బొమ్మా క్యాసెట్టుకెక్కడానికి 23 సెకన్లు!

నిజం చెప్పాలంటే తప్పు కెమెరాది కాదు, నాది. నీడపడ్డ కళ్ళు చూసి వెలుతురు ఎక్కువిచ్చాను, ఎండపడ్డ నుదురు చూడలేదు. ఫిల్ముతో తీస్తే నీడ చూసి కొలత పెట్టాలి. డిజిటల్ అయితే తెలుపు చూసి పెట్టాలి. ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండు ఫోటోలూ అమ్మ ముందు పెట్టాను. నాది పక్కకు జరిపేసింది.

“విభూతి లేకుండా మీ నాన్నగారేంట్రా!”

బాబాయి తీసిందే గోడకెక్కింది. ఇప్పుడు అమ్మను ఫోటో తీసినప్పుడల్లా ముందు ఆవిడ తెల్లజుట్టు చూసి కొలత పెడుతున్నాను.