ఎక్కడ దొరికింది? – వీడియో గేముల్లో పురావస్తువులు

శాసన భాషపై పరిశోధన చేస్తున్న విద్యార్థి వీడియో గేముల గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే నా తరంలో చాలామందికి పురావస్తు శాస్త్రం మొదట పరిచయమైనది పాఠ్యపుస్తకంలోనో, మ్యూజియంలోనో కాదు. కంప్యూటర్ తెర మీద. ఆ పరిచయం నాలో మిగిల్చిన ఒక అలవాటును పరిశోధనలో అడుగుపెట్టిన తరువాత గాని నేను గుర్తించలేకపోయాను.

వేసవి సెలవుల్లో మా బావ కంప్యూటర్‌లో నేను ఎక్కువగా ఆడిన ఆట 'టూమ్ రైడర్'. 1996లో బ్రిటన్‌కు చెందిన కోర్ డిజైన్ సంస్థ రూపొందించిన ఈ గేములో నాయిక లారా క్రాఫ్ట్ పెరూ, గ్రీసు, ఈజిప్టు దేశాల ప్రాచీన కట్టడాల్లోకి దిగుతుంది. 1998లో వచ్చిన మూడవ గేము మన దేశపు అడవుల్లోనే మొదలవుతుంది. లారా చేతిలో తుపాకులుంటాయి. కొలతపట్టీ గాని, నోటు పుస్తకం గాని ఉండవు. వస్తువు దగ్గరకు వెళ్ళి అందుకుంటే చాలు, అది సంచిలో చేరిపోతుంది. అది ఏ పొరలో ఉన్నది, దాని పక్కన ఏమున్నది అన్న ప్రశ్నలకు ఆటలో తావు లేదు. దొరకడమే ముగింపు.

పిహెచ్.డి. మొదటి సంవత్సరంలో మా బృందం ఒక గ్రామానికి శాసన ప్రతులు తీయడానికి వెళ్ళింది. ఊరి బయటి పాటిదిబ్బ మీద నడుస్తుండగా నాకొక కుండపెంకు కనిపించింది. దాని మీద అక్షరాన్ని పోలిన గీతలున్నాయి. సంతోషం పట్టలేక దానిని జేబులో వేసుకున్నాను. సాయంత్రం ఆచార్యులకు చూపగా, ఆయన పెంకును కాక నన్ను చూసి "ఎక్కడ దొరికింది?" అని అడిగారు. దిబ్బ మీద అన్నాను. "దిబ్బ మీద ఎక్కడ?" అన్నారు. మరునాడు ఇద్దరం వెళ్ళి వెదికాము. ఆ చోటును నేను చూపలేకపోయాను. అది అక్షరమో, కుమ్మరి గుర్తో నిర్ణయించడానికి ఉండగల ఒక ఆధారాన్ని నా చేతితో నేనే తుడిచివేశాను. ఆ క్షణంలో నా చేయి చేసినది చిన్ననాడు తెర మీద నేర్చిన పనే.

ఈ నష్టం ఆటలకు కొత్తగా అబ్బిన గుణం కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో అనేకం 1859లో లండన్‌కు తరలి, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కాలిన్ మెకంజీ అంతకు ముందే వేయించిన చిత్రాలు కొంత ఆదుకున్నా, చాలా ఫలకాలు స్తూపంలో ఏ చోట నిలిచి ఉండేవో పండితులు ఊహించవలసి వస్తున్నది. శిల్పం మిగిలినా దాని చోటు మిగలలేదు. గేములు ఈ పాత సేకరణ పద్ధతినే సాహసగాథగా మలచాయి.

2017 నాటి 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' ఇందుకు మరో ఉదాహరణ. ఇందులో క్లోయీ ఫ్రేజర్ పడమటి కనుమల్లో హొయసల రాజుల నాటి గణేశుని దంతం కోసం వెదుకుతుంది. హళేబీడు, బేలూరు అడవిలో మరుగుపడిన మహానగరాలుగా కనిపిస్తాయి. నిజానికి 1117లో ప్రతిష్ఠితమైన బేలూరు చెన్నకేశవాలయంలో నేటికీ నిత్యపూజలు జరుగుతున్నాయి. బతికి ఉన్న చోటును శిథిలంగా చూపితేనే గాని అక్కడి వస్తువును తీసుకుపోవడం సాహసంగా కనిపించదు. అక్కడి మనుషులు కథకు అడ్డం.

అయితే అన్ని ఆటలూ ఇంతే అనడం న్యాయం కాదు. 2019లో ఇంకిల్ సంస్థ తెచ్చిన 'హెవెన్స్ వాల్ట్'లో నాయిక అలియా పురావస్తు పరిశోధకురాలు. ఆమెకు దొరికే వస్తువుల మీద తెలియని లిపిలో రాతలుంటాయి. ఆటగాడు ఒక్కొక్క పదానికి అర్థం ఊహించాలి. ఊహ తప్పయినా ఆట వెంటనే దిద్దదు; అదే పదం మరొక రాతలో ఎదురైనప్పుడు పాత అర్థం పొసగక, వెనుకకు మళ్ళవలసి వస్తుంది. ఈ ఆట ఆడుతున్నప్పుడు నాకు అమరావతి రాతి ముక్క మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన 'నాగబు' గుర్తుకు వచ్చింది. దానిని తొలి తెలుగు పదంగా చెప్పుకొంటాము. కాని అది పూర్తి పదమా, మరొక పేరులోని భాగమా అన్న చర్చ ఉన్నది. ముందు వెనుకల వాక్యం విరిగిపోవడమే ఆ చర్చకు మూలం. పదానికి వాక్యం ఎట్టిదో, వస్తువుకు నేల అట్టిది.

కనుక గేములను తక్కువ చూపు చూడడం కంటె, అవి నేర్పుతున్నదేమిటో పరిశీలించడం సాహిత్య విద్యార్థులకు తగిన పని అని నా అభిప్రాయం. జానపద కథలో నిధి కాపలా పామును పరిశీలించినట్లే, తెర మీది నిధినీ పరిశీలించవచ్చు. ప్రాచీన వస్తువుల మీద రేపటి తరం మొదటి అభిప్రాయాలు అక్కడ కూడా ఏర్పడుతున్నాయి. చోటు చెరిగిన ఆ పెంకు ఇప్పటికీ మా విభాగంలో ఒక కాగితపు పొట్లంలో ఉన్నది. పొట్లం మీద తేదీ, గ్రామం పేరు రాశాను. మూడవ గడి ఖాళీగా ఉన్నది.