ఏది ఆప్షను, ఏది పేరు

కమాండ్ లైన్ ప్రోగ్రాముకి అందేవి కొన్ని మాటలు, అంతే. వాటిలో ఏది ఆప్షను, ఏది ఫైలు పేరు అని విడమరిచి చెప్పేవాళ్లు ఉండరు. ముందు డాష్ ఉంటే ఆప్షను, లేకపోతే పేరు అన్న ఒప్పందం మీద వ్యవహారం నడుస్తుంది. యూనిక్స్ తొలిరోజుల్లో ఆ ఒప్పందమూ గట్టిది కాదు. టార్ డాష్ లేకుండానే అక్షరాలు తీసుకునేది. డీడీ ఇప్పటికీ పేరు, సమానం గుర్తు, విలువ అన్న వరసలోనే అడుగుతుంది. తర్వాత గెటాప్ట్ అనే రొటీను, దాని వెనకే పోసిక్స్ ప్రమాణం వచ్చి ఒక డాష్, ఒక అక్షరం అని తేల్చాయి. గ్నూ వాళ్లు రెండు డాష్‌లతో పూర్తి మాట రాసే వీలు కలిపారు. కొత్తగా ప్రోగ్రాము రాసేవాళ్లు సొంత పద్ధతి కనిపెట్టకుండా ఈ దారినే పోవాలి, వాడేవాళ్ల వేళ్లకి అలవాటైంది ఇదే కాబట్టి.

ఒక అక్షరం ఆప్షన్లలో చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌కి చిన్న ఆర్ ఇస్తే జాబితా తలకిందులవుతుంది, పెద్ద ఆర్ ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ తిరిగొస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతిలో టైపు చేసినవాళ్లకి ఇది కొత్త కాదు. పెనుమూడి అనే ఊరి పేరు కొట్టేటప్పుడు పెద్ద డీ బదులు చిన్నది పడితే పెనుమూది అవుతుంది. అక్కడ తప్పు కంటికి కనిపిస్తుంది, దిద్దుకోవచ్చు. ఫైళ్లు చెరిపే చోట ఆ వీలు లేదు. అందుకే నష్టం చేసే ఆప్షనుకి పూర్తి పేరే ఉండాలి. ఫైళ్లు చెరిపే గ్నూ ఆర్ఎమ్ రూట్ డైరెక్టరీని మామూలుగా చెరపదు, దానికోసం ఒక పొడవాటి ఆప్షను రాసి మరీ అడగాలి. మిగతా పొడవు ఆప్షన్లని కుదించి రాసినా ఒప్పుకునే ఆర్ఎమ్, దీన్ని మాత్రం కుదిస్తే ఒప్పుకోదు. ఆ పట్టుదల ఎంతైనా మెచ్చుకోదగ్గది.

ఆప్షను కంటే దానికిచ్చే విలువ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జిల్లా, ఊరు చెబితే వివరాలు తీసిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఉందనుకుంటే, జిల్లా చెప్పనప్పుడు గుంటూరు అని తీసుకునేట్టు దాన్ని ఎప్పుడో రాసి ఉండవచ్చు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లెతోపాటు పెనుమూడి అందులోకి వెళ్లింది. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఇప్పుడు తెనాలి గురించి అడిగితే జవాబు సరిగానే వస్తుంది, పెనుమూడి గురించి అడిగితే ఖాళీ జాబితా వస్తుంది. అడిగినవాళ్లు ఆ ఊరి వివరాలే లేవనుకుని వెళ్లిపోతారు. ప్రోగ్రాము ఆగిపోయి ఉంటే ఇంత చేటు జరగదు. ‘గుంటూరు జిల్లాలో పెనుమూడి లేదు, జిల్లా పేరు చెప్పలేదు కాబట్టి గుంటూరు అనుకున్నాను’ అని ఎర్రర్‌గా చెప్పి, సున్నా కాని కోడుతో బయటికి రావాలి. చెప్పకపోతే ఏ విలువ తీసుకుంటుందో హెల్ప్‌లో కనిపించాలి. సెట్టింగుల ఫైల్లో ఒకటి, ఎన్విరాన్‌మెంట్‌లో ఒకటి, కమాండులో ఇంకొకటి ఉంటే, అప్పటికప్పుడు కమాండులో రాసిందే చెల్లాలి. బాపట్ల అనబోయి బాపట్ట అని కొడితే దగ్గరి పేరు చూపించవచ్చు గానీ, అదే అయ్యుంటుందిలే అని పని కానిచ్చేయకూడదు.

అక్షరాలు లెక్కపెట్టే ఆప్షన్ల విషయంలో తెలుగువాళ్లకి అన్యాయమే జరిగింది. పెనుమూడి అంటే చూపుకి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతం గుర్తులతో కలిపి 8, యూటీఎఫ్-8 బైట్లలో 24. గ్నూ కట్‌లో అక్షరాల ఆప్షను చాలాకాలం బైట్లనే కోసింది. నాలుగు అడిగితే ‘ప’ వచ్చి, దాని వెనక ఒక విరిగిన ముక్క వచ్చేది.

అన్నిటికన్నా ప్రమాదం, బయటివాళ్లు ఇచ్చిన పేరు ఆప్షనుగా మారిపోవడం. డాష్‌తో మొదలయ్యే ఫైలు ఒకటి ఫోల్డర్లో ఉంటే చాలు, అన్నిటినీ చెరపమని నక్షత్రం గుర్తు ఇచ్చినప్పుడు ఆ పేరు ఆప్షనై కూర్చుంటుంది. 2012లో పీహెచ్‌పీ సీజీఐలో వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత రాసింది ఆప్షనుగా చేరి, పేజీ వెనకున్న కోడంతా బయటపడింది. 2017లో గిట్‌లో సర్వర్ పేరు ఉండాల్సిన చోట డాష్‌తో మొదలయ్యే మాట పెడితే, అది ఎస్ఎస్‌హెచ్‌కి ఆప్షనై, రిపాజిటరీ తెచ్చుకుంటున్నవాళ్ల కంప్యూటర్లోనే పరాయి కమాండు నడిచేది. అప్పటినుంచి అలాంటి సర్వర్ పేర్లని గిట్ ఒప్పుకోవడం లేదు. 2012 నాటి లోపాన్ని కూడా సరిచేశారు గానీ, 2024లో అదే పీహెచ్‌పీలో విండోస్ మీద మళ్లీ తలెత్తింది. కొన్ని భాషల సెట్టింగుల్లో విండోస్ సాఫ్ట్ హైఫన్ అనే వేరే గుర్తుని మామూలు డాష్‌గా మార్చి ఇచ్చేది. తనిఖీ అయిపోయాక మాట రూపం మారింది.

దీనికి ఉన్న మందు పోసిక్స్‌లోనే ఉంది. రెండు డాష్‌లు ఒంటరిగా వస్తే ఆప్షన్లు అక్కడితో సరి, ఆ తర్వాత వచ్చేవన్నీ పేర్లే. ప్రతి ప్రోగ్రామూ దాన్ని గుర్తించాలి, ఇంకో ప్రోగ్రాముని పిలిచేటప్పుడు తను కూడా రాయాలి. గుర్తించని పాత ప్రోగ్రాములకి ఫైలు పేరు ముందు చుక్క, ఏటవాలు గీత చేర్చి ఇస్తే డాష్ మొదట్లో ఉండదు.