గట్టిపడని బెల్లం

ఆ ఏడాది మా బెల్లం గట్టిపడలేదు. 1984 చలికాలం. నేను చిత్తూరులో బీజడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో ఏడాది చదువుతున్నాను. ఐరాలలో మా గానుగ దగ్గర నాయన పాకం తీసి నీళ్లగిన్నెలో వేసి చూడటం, తల అడ్డంగా ఊపడం, పొయ్యిలోకి ఇంకాస్త పిప్పి తోయించడం. పాకం వేలికి సాగుతుందే గానీ ఉండ కట్టదు. అచ్చుల్లో పోసింది తెల్లారినా జావగానే ఉంది. నాయన కొడవలి తీసి ఒక చెరుకు గడను నిలువునా చీల్చాడు. లోపలంతా ఎరుపు, ఆ ఎరుపుకి అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన సారా వాసన.

ఎర్రకుళ్ళు తెగులు. నాకు చూడగానే తెలిసింది. రికార్డులో దాని బొమ్మ వేసి రంగులద్దినవాణ్ని. దాన్ని తెచ్చే శిలీంధ్రం పేరు కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అని స్పెల్లింగుతో సహా అప్పజెప్పగలను. "ఇది ఫంగస్ నాయనా" అన్నాను గొప్పగా. "సరే, బెల్లం ఎందుకు కట్టలేదు మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు నిజానికి నా సంచిలోనే ఉంది, వేరే నోటుపుస్తకంలో. సుక్రోజు విరిగితే గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుందని కెమిస్ట్రీలో రాసుకున్నాను. ఎర్రకుళ్ళు శిలీంధ్రం ఇన్వర్టేజ్ అనే ఎంజైమును విడిచి, గడలో ఉండగానే ఆ చక్కెరను విరగ్గొడుతుంది. విరిగిన చక్కెర గడ్డకట్టదు. ఈ రెండు ముక్కల్నీ కలుపుకోవడానికి నాకు తిరుపతిలో ఎమ్మెస్సీ దాకా పట్టింది. అదీ ఎవరో చెప్పింది కాదు. పెరుమాళ్లపల్లి చెరుకు పరిశోధన స్థానానికి ఒక రోజు తీసుకెళితే, అక్కడ గోడమీది చార్టు చూసి నాకు నేనే నాలుక్కరుచుకున్నాను. అప్పటికి నాయన చెరుకు మానేసి మామిడి పెట్టేశాడు.

బీజడ్‌సీ అంటే పేరుకు మూడు సబ్జెక్టుల కలయిక. మా కాలేజీలో మాత్రం అవి మూడు గదులు, మధ్యలో తలుపు లేదు. బాటనీ సారు జువాలజీ ల్యాబులోకి వెళ్లగా నేను చూడలేదు. తర్వాత నేనూ బాటనీ లెక్చరర్నయ్యాను, నేనూ వెళ్లలేదు.

2015లో సీబీసీఎస్ (ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతి) అన్నారు, సెమిస్టర్లు వచ్చాయి. 2020లో సిలబస్ మళ్లీ మార్చారు, స్కిల్ కోర్సులు చేరాయి. అసలు కుదుపు మాత్రం 2023లో. రాష్ట్రమంతటా బీజడ్‌సీ లాంటి కాంబినేషన్లు తీసేసి, ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ అన్నారు. మొదటి సెమిస్టర్లో జీవశాస్త్రాల పిల్లలందరికీ క్లాసికల్ బయాలజీ, అప్లయిడ్ బయాలజీ అని రెండు పేపర్లు. రెండో సెమిస్టర్ నుంచి మైనర్. అది ఏ సబ్జెక్టయినా కావచ్చన్నారు.

అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే: "బీజడ్‌సీ లేదా? టీచర్ పోస్టుకి ఎట్ల సార్?" బడిలో జీవశాస్త్రం చెప్పాలంటే మొక్కా కావాలి, జంతువూ కావాలి కదా అని వాళ్ల లెక్క. తప్పు లెక్క కాదు.

బాటనీ మేజరుకి ఏయే మైనర్లు ఇవ్వాలో తేల్చడానికి స్టాఫ్ రూములో కూర్చున్నాం. నేను చార్టు పేపరు వెనక రాసుకొచ్చాను: కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్. మూడోది చదవగానే నవ్వారు. నేను బెల్లం కథ చెప్పాను. చెరుకు జబ్బు బాటనీ, పాకం కెమిస్ట్రీ, మండీలో ధర ఎకనామిక్స్, మా ఊళ్లో ఈ మూడూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి అన్నాను. కెమిస్ట్రీ మేడం నెమ్మదిగా అడిగింది: "మీ పిల్లలు నా సబ్జెక్టు తీసుకోకపోతే నా వర్క్‌లోడ్ ఏమవుతుంది సార్?" అప్పట్నుంచి మాట్లాడిందంతా వర్క్‌లోడ్ గురించే. ఆమెను తప్పుపట్టను. గంటలు లేకపోతే పోస్టు లేదు, పోస్టు పోతే ల్యాబుకి తాళం. పై నుంచి కాగితం మీద ఎన్ని దారులు తెరిచినా, కాలేజీలో ఎవరున్నారో వాళ్ల సబ్జెక్టులే దారులు.

ఎకనామిక్స్‌ను చంపింది మాత్రం టైంటేబుల్. ఆర్ట్స్ క్లాసులు జరిగే వేళకే మాకు ప్రాక్టికల్స్. రెండు సాయంత్రాలు గళ్లు గీసి, చెరిపి, మళ్లీ గీసి చేతులెత్తేశాను. చివరికి నిలిచినవి కెమిస్ట్రీ, జువాలజీ. కంప్యూటర్ సైన్సుకి కొన్ని సీట్లు.

మొదటి ఏడాది ముగిశాక పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మా బ్యాచులో ఐరాల పక్క పల్లె అమ్మాయి ఒకతె, మైనర్ కెమిస్ట్రీ, గానుగల మీద చేస్తానంది. సీజన్ ఆఖరు, ఇంకా ఒకటీ అరా తిరుగుతున్నాయి. నేనూ వెంట వెళ్లాను. బాణలి పక్కన నిలబడి ల్యాబు నుంచి తెచ్చిన పీహెచ్ కాగితం చెరుకురసంలో ముంచింది, సున్నం వేశాక మళ్లీ ముంచింది. పులుపు విరిస్తే చక్కెర విరగదు, అందుకే సున్నం అని గానుగాయనకే చెప్పింది. ఆయన "మా తాత కూడా వేసేవాడమ్మా" అన్నాడు. బెండకాడల జిగురుతో మడ్డి ఎట్లా తేలుతుందో ఆయన ఆమెకు చూపించాడు. తర్వాత ఒక డబ్బాలోంచి తెల్లటి పొడి చల్లాడు. హైడ్రోస్, రంగు తేల్చే రసాయనం. పాకం క్షణాల్లో పసుపుపచ్చగా మారింది.

"ఇది వెయ్యకుండా చెయ్యలేరా?"

"చెయ్యొచ్చు. నల్లగా ఉంటే మండీలో ఎవరు కొంటారు?"

ఆ పిల్ల నావైపు తిరిగింది. "ఎందుకు కొనరు సార్? ఇది ఏ సబ్జెక్టులో వస్తుంది?"

నేను చెరిపేసిన గడిలో వస్తుంది. ఆ మాట అనలేక, రాసుకో అన్నాను.

రాసింది. ఇరవై రెండు పేజీల రిపోర్టు. అందులో కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు చెప్పిన మాటలే ఆరు పేజీలు. మొదటి పేజీలో సంబంధిత సబ్జెక్టు అనే చోట బాటనీ, కెమిస్ట్రీ, ఎకనామిక్స్ అని మూడూ రాసింది. వారానికి ఆ కాగితం వెనక్కొచ్చింది, ఒకటే ఉండాలని పెన్సిలు గీత పెట్టి. ఆమె బస్సుకి వెళ్లిపోయింది. నేనే మిగతా రెండూ కొట్టేసి, సంతకం పెట్టి పంపాను.