గదిలో మెట్ల మీంచి పడ్డాడు

కువైట్‌లో సాఫ్ట్‌వేర్ వాడికి రెండు ఉద్యోగాలు. పగలు బ్యాంకు వాళ్ళ సర్వర్లు చూసుకోవాలి, సాయంత్రాలూ శుక్రవారాలూ ఊరోళ్ళ కాగితాలు చూసుకోవాలి. రెండోదానికి జీతం ఉండదు. ఇంగ్లీషు చదవగలిగినవాడికి లోకంలో ఏ కాగితమైనా అర్థమైపోతుందని మనవాళ్ళ గట్టి నమ్మకం. సివిల్ ఐడీ మెసేజీలు, ఇంటినుంచి వచ్చిన స్కానింగ్ రిపోర్టులు, కూతురి కాలేజీ ఫీజు రసీదు... అన్నీ నా ఫోనుకే. నాకూ లోపల్లోపల కాస్త గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

2018 నవంబరులో ఒకరోజు, పొద్దున పదకొండు గంటల వేళ. షర్క్‌లో ఆఫీసులో మీటింగులో ఉన్నాను. రాజంపేట వైపు అన్న ఒకాయన, టైల్స్ మేస్త్రీ, జలీబ్‌లో ఉంటాడు. ఆయన రూమ్మేట్ ఫోను. "అన్న పడిపోయినాడు, రాజీ ఆస్పత్రిలో ఉండాం, నువ్వొచ్చి డాక్టరుకు చెప్పాల." అల్ రాజీ అంటే సబా ఏరియాలో ఉండే ఎముకల ఆస్పత్రి. మాకు దగ్గరే. మీటింగులో ఏదో సాకు చెప్పి పరిగెత్తాను.

అన్న స్ట్రెచర్ మీద ఉన్నాడు. బట్టల నిండా సిమెంటు. పక్కన ఫోర్‌మన్. నన్ను చూడగానే పక్కకి తీసుకెళ్ళి హిందీలో గడగడా చెప్పేశాడు. సైట్లో పడ్డాడంటే పోలీసులొస్తారు, కేసవుతుంది, ఇంటికి కూడా పోలేడు. గదిలో మెట్ల మీంచి పడ్డాడని చెప్పు, మిగతాదంతా కంపెనీ చూసుకుంటుంది. అన్న వైపు చూశాను. కళ్ళు మూసుకుని తలూపాడు.

డాక్టరు అడిగాడు, ఎలా పడ్డాడని. నేను చెప్పాను. మంచి ఇంగ్లీషులో, వ్యాకరణ దోషాల్లేకుండా చెప్పాను. డాక్టరు ఒక్క క్షణం ఆగి "ఎన్ని మెట్లు?" అన్నాడు. నేను ఫోర్‌మన్ వైపు చూశాను. ఏడెనిమిది అన్నాడతను. అదే చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు.

రెండు మడమల ఎముకలూ విరిగాయి, నడుం దగ్గర ఒక వెన్నుపూస నలిగింది.

కంపెనీ రెండు నెలలు "చూసుకుంది". జనవరిలో జీతం రాలేదు. ఫిబ్రవరిలో ఒక అరబిక్ కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు, టికెట్ ఇస్తాం ఇంటికి పొమ్మన్నారు. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపాడు. అరబిక్ చదవగలిగిన మా ఆఫీసు మిత్రుడికి చూపిస్తే అతను నవ్వలేదు. నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇక ఏ బాకీ లేదు అని ఉందట అందులో. సంతకం పెట్టొద్దని చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ, తర్వాతేం చెయ్యాలో నాకూ తెలీదు.

అప్పుడు మొదలుపెట్టాను చట్టం చదవడం. పట్టుమని పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలు నవంబరులోనే కేటాయించి ఉంటే!

కువైట్‌లో ప్రైవేటు కంపెనీల పనివాళ్ళకి 2010లో వచ్చిన 6వ నంబరు చట్టం ఉంది. పనివాళ్ళకి దెబ్బలకీ, వృత్తివల్ల వచ్చే జబ్బులకీ యజమాని ఇన్సూరెన్సు చేయించాలి. వైద్యం ఖర్చు అతనిదే. కోలుకునేదాకా జీతమివ్వాలి, ఆరు నెలలు దాటితే సగం జీతం. వైకల్యం మిగిలితే దాని శాతాన్ని బట్టి పరిహారం. పనిలోనే కాదు, పనికి వెళ్తూ వస్తూ దెబ్బ తగిలినా లెక్కే. కోర్టు ఫీజు కూడా లేదు. అన్నీ బాగానే ఉన్నాయి. 90వ ఆర్టికల్ దగ్గరే నాకు నోట మాట రాలేదు. ప్రమాదం జరగ్గానే యజమాని పోలీస్ స్టేషనుకీ లేబర్ ఆఫీసుకీ తెలియజెయ్యాలి. ఆ పని దెబ్బ తగిలినవాడు కూడా చెయ్యొచ్చు, లేదా అతని తరఫున ఇంకెవరైనా.

ఆ ఇంకెవరైనా ఆ రోజు ఆస్పత్రిలో నిలబడి మెట్లు లెక్కపెడుతున్నాడు.

లేబర్ ఆఫీసులో (ఇప్పుడది మ్యాన్‌పవర్ అథారిటీ, మనవాళ్ళకి మాత్రం ఇంకా "షూనే") ఫిర్యాదు పెట్టాం. నేరుగా కోర్టుకెళ్ళడానికి లేదు, ముందు వాళ్ళు రాజీకి ప్రయత్నిస్తారు, నెలలో కుదరకపోతే కోర్టుకి పంపుతారు. కంపెనీ మనిషి ఆస్పత్రి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గదిలో మెట్లు. అంతే. వాళ్ళకింకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఎంబసీ చుట్టూ తిరిగి, తెలిసినవాళ్ళ ద్వారా ఒక లాయరు గుమాస్తాని పట్టుకున్నాం. ఆయన నన్ను తిట్టలేదు. కాగితం రెండుసార్లు చదివి, "ఈ మనిషి రెండు మడమల మీదా పడ్డాడయ్యా, మెట్లమీద జారినవాడు ఇలా పడడు" అన్నాడు. ఎత్తునుంచి నిటారుగా దిగబడితే మడమలూ వెన్నుపూసా కలిసి దెబ్బతింటాయట, డాక్టర్లందరికీ తెలిసిన సంగతేనట. ఆ డాక్టరు ఎన్ని మెట్లని ఎందుకడిగాడో అప్పుడర్థమైంది నాకు. ఇంకా ఉన్నాయి: చేర్చుకున్న టైము పనిరోజు పొద్దున 10:40. ఆ టైముకి గదిలో ఏం చేస్తున్నాడు? ఫోర్‌మన్ ఆ రాత్రి వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజీ: "సైట్ సంగతి ఎవరికీ చెప్పొద్దు." అన్న దాన్ని డిలీట్ చెయ్యలేదు. ఎందుకంటే డిలీట్ చెయ్యడం ఆయనకి రాదు.

సాక్ష్యానికి ఇద్దరిని అడిగితే ఒకడొచ్చాడు. రాని వాడిమీద నాకు కోపం లేదు. అతని అకామా ఆ కంపెనీ చేతిలోనే ఉంది.

అన్నట్టు, అన్నది 18 నంబరు వీసా, కంపెనీది. మన కడప వైపు వాళ్ళు చాలామంది 20 నంబరు మీద, అంటే ఇంటిపని ఖాదిమ్ వీసా మీద వచ్చి బయట మేస్త్రీ పనులు చేస్తుంటారు. 2010 చట్టం ఇంటిపనివాళ్ళకి వర్తించదు, వాళ్ళకి 2015లో వేరే చట్టం వచ్చింది. ఖాదిమ్ వీసా మీద సైట్లో పడితే, వీసా ఇచ్చిన కఫీల్ ఒకడు, పని చేయించుకున్నవాడు ఇంకొకడు. ఫిర్యాదంటే ముందు తన తప్పు తనే ఒప్పుకోవడం. అన్న స్థితి వాళ్ళకంటే మేలే.

ఇండియా వైపు కూడా ఓ దారి ఉండాల్సింది. ప్రవాసీ భారతీయ బీమా యోజన: ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చేవాళ్ళకి రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు. అన్న 2012లో వచ్చాడు. పాలసీ ఎప్పుడో అయిపోయింది. ఆ కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందని వదిన ఫోన్లో చెప్పింది.

రెండో వాయిదాకి కంపెనీ దిగొచ్చింది. ఆగిన జీతాలు, టికెట్, పరిహారం కింద కొంత. చట్టప్రకారం రావాల్సిందానికి సగం కూడా కాదని గుమాస్తా అన్నాడు, కోర్టుకెళ్దామన్నాడు. నేనూ అదే అన్నాను. నా తప్పు దిద్దుకోవాలని నాకు తొందర.

"నీకేం అబ్బీ, నీకు జీతమొస్తాంది," అన్నాడు అన్న. "నాకు కేసు గెల్సేది వద్దు, ఇంటికి పోవాల."

2019 జులైలో వీల్‌చెయిర్‌లో విమానం ఎక్కించాను.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూడ్డానికెళ్ళాను. ఇంటి ముందే చిన్న చిల్లరకొట్టు, ఎత్తు స్టూలు, పక్కన చేతికర్ర. టీ తాగుతున్నాం. బీడీల కోసం వచ్చిన ఎవరో ముసలాయన కాళ్ళ వైపు చూసి, "కువైట్‌లో ఏమైంది నాయనా?" అన్నాడు.

అన్న నా వైపు చూశాడు, మీసాల్లో నవ్వుతూ.

"రూములో మెట్ల మింద పడినా పెద్దాయనా. ఏడెనిమిది మెట్లు. కావాలంటే మా తమ్ముణ్ణి అడుగు."