సెంటు ఆండ్రూసు పట్టణమున పందెపు లెక్కలు

స్కాట్లండు దేశపు తూర్పుతీరమున, ఉత్తరసముద్రపు గాలికి ఎదురొడ్డి, సెంటు ఆండ్రూసు అను చిన్న పట్టణము గలదు. తూర్పుకొసను కూలిన పురాతన దేవాలయపు గోడలు. నడుమ ఆరువందల యేండ్లనాటి విశ్వవిద్యాలయము. పడమటికొసను ఇసుకనేలపై పచ్చిక మొలచిన బీడు. ఈ బీడునే గోల్ఫు ఆటకు పుట్టినిల్లని లోకులు చెప్పుకొందురు. ప్రజలు విలువిద్యను మాని ఈ యాటలో పడిరని రెండవ జేమ్సు రాజు 1457వ సంవత్సరమున దీనిని నిషేధించెను. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది.

మా మరది డండీ నగరమున వైద్యుడుగా నుండుటచే 2022వ సంవత్సరము జూలై మాసమున మేమచటికి పోవుట తటస్థించెను. టే నదిపై వంతెన దాటినచో సెంటు ఆండ్రూసు గంటలోపు ప్రయాణమే. ఆ నెల 14వ తేదీ మొదలు 17 వరకు అచట "ఓపెను" అను మహాపోటీ 150వ మారు జరుగనుండెను. సోదరీమణులారా, బంతిని కఱ్ఱతో కొట్టి బిలములో వేయు ఆట మనకేల యని మేమును మొదట తలచితిమి. కాని మా మనస్సును లాగినది ఆట కాదు, ఆటకుముందు ఆ సీమలో నోటనోట నాడిన సంఖ్యలు.

ఎవరు కలిసినను ఒకటే ప్రశ్న: గెలుచువాడెవడు? బస్సులో ఒకడు గతవారమే స్కాటిషు ఓపెను గెలిచిన శాఫెలీ యనును. ప్రక్కవాడు లోకమున ప్రథమస్థానమందున్న షెఫ్లరనును. ఇచటనే 2000లోను 2005లోను గెలిచిన టైగరు వుడ్సు కాలు కుంటుచున్నను ఈ నేల అతనిని మరవదని మఱియొకడు. సంక్రాంతినాడు మన గోదావరిసీమలో కుక్కుటశాస్త్రము చేతబట్టుకొని ఏ వారమున ఏ రంగుకోడి గెలుచునో చెప్పువారు మాకు జ్ఞప్తికి వచ్చిరి. అయినను ఎక్కువమంది నోట వచ్చిన పేరు ఒకటే, ఉత్తర ఐర్లండువాడగు రోరీ మాకిల్రాయి.

మా మరది యింటి ప్రక్కనుండు వృద్ధురాలు ఏటేట ఈ పోటీమీద రెండు పౌనులు ఒడ్డును. ఆమెకు గాలితోను గణితముతోను పనిలేదు. "ఆ పిల్లవాని తల్లి రాత్రులు కర్మాగారమున పనిచేసి వానిని పెంచినది. నేను ఆమె కొఱకు ఒడ్డుచున్నాను" అనెను. ఇది మాకు కుక్కుటశాస్త్రముకంటె నచ్చినది.

ఆమె పంపున మా మరది పందెపు దుకాణమునకు పోవుచుండగా మేమును వెంట నడచితిమి. బ్రిటనులో ఇట్టి దుకాణములను 1961 మే మాసమునుండి చట్టము అనుమతించినది. మన తెలుగుసీమలో యంత్రములపై ఇంటనుండి డబ్బొడ్డి యాడుటను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించుట మీరెఱుగుదురు. అచటనో అది కూరల యంగడి ప్రక్కనే మఱియొక యంగడి. మేము లోనికి పోలేదు. వాకిట ఒక పడుచు బిడ్డబండి పట్టుకొని నిలిచియుండెను. ఆమె మాటిమాటికి తలుపువంక చూచుచుండెను. మేమచటనున్న పావుగంటలో ఆ తలుపునుండి ఆమె కొఱకెవరును రాలేదు.

ఇక సంఖ్యల సంగతి. రోరీకి సుమారు పదికి ఒకటి. అనగా ఒక పౌను ఒడ్డినవారు అతడు గెలిచినచో పది పౌనులు లాభముగా పొంది, తమ పౌనును తిరిగి తీసికొందురు. పదునొకండు మారులాడినచో ఒకమారు గెలుచునని దీని భావము. కావున అందరికంటె ముందున్నవాడని పేరొందినవాడు సైతము పదిమారులు ఓడువాడే! ఆస్ట్రేలియావాడగు కామెరాను స్మిత్తునకు ఇరువదికి మించిన సంఖ్య. మావారు బడిలో లెక్కలు చెప్పువారగుటచే ఊరకుండలేక, పోటీదారులు 156 మందికిని వ్రాసిన సంఖ్యలను నూటికి పాళ్లుగా మార్చి కూడనారంభించిరి. న్యాయముగా మొత్తము నూఱు కావలెను. సగముపైగా పేర్లు మిగిలియుండగనే నూఱు దాటినది. ఆ మిగులే దుకాణదారుని బ్రతుకుదెరువు. పాలవాడు కడవలో కలుపు నీళ్లవంటిది. అన్ని యిండ్లకును తగుపాళ్లలో పోసినచో వాని భాగము వానికి దక్కును.

భారతమున ఋతుపర్ణుడు రథముమీద పోవుచు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుతోనే లెక్కించి చెప్పెను. నలుడు దిగి లెక్కించి సరిపోవుట చూచి విస్మితుడై, అతనివద్ద అక్షహృదయము నేర్చెను. దుకాణదారునికిని అట్టి విద్య కలదని మేమనుకొంటిమి. మావారు నవ్వి, "అతడు చూచునది చెట్టును మాత్రమే కాదు, చెట్టు క్రింద మూగిన జనమునుగూడ" అనిరి. నిజమే. మా వృద్ధురాలివంటివారు వేలమంది ప్రేమకొలది రోరీపై ఒడ్డినచో, అతని యాటలో ఏ మార్పును లేకున్నను అతని సంఖ్య తగ్గును. కావున ఆ సంఖ్యలో ఆటగాని బలమెంతయో, జనుల మమకారమెంతయో విడదీయుట ఎవరి తరము?

మంగళవారమున అభ్యాసపు ఆట చూడబోతిమి. ఆ బీడు చూచినపిమ్మట జోస్యములమీద మాకున్న కొద్ది నమ్మకమును పోయినది. పైకి చదునుగా కనిపించును. నడచినచో అడుగడుగునకు మిట్టపల్లములు. నూటపదికి మించిన ఇసుకగోతులు. అందొకదానికి నరకమని పేరు. పచ్చిక తిన్నెలు చాలవఱకు రెండేసి బిలములకు ఉమ్మడి. ఉదయమున ఎదురుగాలి, మధ్యాహ్నమునకు వెనుకగాలి. ఎవరు ఏ జామున ఆడవలయునో ముందే నిర్ణయమైయుండును. పెనుగాలి ఎవరి పాలబడునో ఏ దుకాణమున వ్రాసియున్నది?

ఆదివారపు ఆటను మా మరది యింట దూరదర్శినిలో చూచితిమి. టైగరు వుడ్సు శుక్రవారమే పోటీనుండి తప్పుకొనవలసివచ్చి, వాగుపైనున్న ఆ ప్రాచీనమగు రాతివంతెనను కన్నీటితో దాటిపోయెను. శనివారము సాయంకాలమునకు రోరీయు నార్వేవాడగు హోవ్లండును సమానముగా ముందుండిరి. స్మిత్తు నాలుగు దెబ్బలు వెనుకబడెను. ఈ యాటలో తక్కువ దెబ్బలవానిదే గెలుపు. ఆదివారమున స్మిత్తు పదవ బిలము మొదలు పదునాలుగవదానివఱకు వరుసగా అయిదింట ఒక్కొక్క దెబ్బ మిగిల్చి, దినమునకు 64తో, మొత్తము 268తో గెలిచెను. రోరీ తడబడెనా యన్నచో, లేదు. ప్రతి తిన్నెమీదను రెండు తట్లతో ఓర్పుగా ముగించి 70 దెబ్బలు వేసెను. అంతే, మూడవవాడయ్యెను.

వృద్ధురాలు ఒక పౌను గెలుపుమీదను, ఒక పౌను మొదటి కొద్దిమందిలో నుండుటమీదను వేసియుండెను. మొదటిది పోయినది. రెండవదానికి పదిలో అయిదవవంతు, అనగా రెండు పౌనులు, తన పౌనుతో కలిసి మూడు వచ్చినవి. నమ్మినవాడు గెలువకున్నను ఒక పౌను లాభము! ఆమె కన్నులు మాత్రము చెమర్చియుండెను.

రోరీ తండ్రి కథ ఆమె అపుడు చెప్పెను. 2004లో, కుమారునికి పదునైదేండ్లప్పుడు, పదియేండ్లలో వాడు ఈ ఓపెను గెలుచునని ఆయన అయిదువందలకు ఒకటి చొప్పున 200 పౌనులు ఒడ్డెను. 2014లో హోయిలేకున కుమారుడు గెలిచెను. తండ్రికి లక్ష పౌనులు వచ్చెను. పత్రికలన్నియు ఆ లక్షను వ్రాసినవి. తల్లి రాత్రిపనికి సంఖ్య కట్టిన దుకాణము లేదు.

జనము చెదరినపిమ్మట మరల ఆ యూరికి పోయితిమి. బీడు ప్రక్కనే మిట్టపల్లములుగా నున్న చిన్న ఆటతిన్నె యొకటి కలదు, పేరు హిమాలయములు! అది 1867లో స్త్రీలు స్థాపించుకొనిన సంఘమునకు చెందినది. 1754లో వెలసిన పురుషుల పెద్దసంఘము తన సభ్యత్వమును స్త్రీలకిచ్చుటకు 2014వ సంవత్సరము రావలసెను. మేము నామమాత్రపు రుసుము చెల్లించి పిల్లలతో ఆ హిమాలయములపై ఆడితిమి.

అటనుండి కూలిన దేవాలయపు శ్మశానవాటికకు నడచితిమి. కఱ్ఱ పట్టి బంతిపై వంగియున్న యువకుని శిల్పమొకటి గోడనంటి కలదు. అతడు చిన్న టామ్ మోరిసు. 1868 మొదలు వరుసగా నాలుగు పోటీలు గెలిచినవాడు. ఆనాడు ధనికులు సొమ్మొడ్డగా ఆటగాండ్రు జతలుగా తలపడెడివారు. 1875 సెప్టెంబరులో టామీయు అతని తండ్రియు కడలిపాయ ఆవలనున్న నార్తు బెర్విక్కున అట్టి పందెపుటాటలో నుండగా తంతివార్త వచ్చెను: భార్య మార్గరెట్టు ప్రసవవేదనలో అపాయస్థితినున్నది, వెంటనే రావలెను. మిగిలిన రెండు బిలములు ముగించి ఓడనెక్కిరి. అతడు ఇల్లు చేరునప్పటికి తల్లియు లేదు, బిడ్డయు లేదు. ఆ సంవత్సరమే క్రిస్మసు నాడు ఇరువదినాలుగేండ్ల ప్రాయమున అతడును పోయెను.

అరువది గోల్ఫు సంఘములు చందాలెత్తి ఆ శిల్పమును నిలిపిరని దాని క్రింద చెక్కియున్నది. అతని గెలుపులు వ్రాసియున్నవి. మార్గరెట్టు పేరు ఆ వ్రాతలో ఉన్నదేమోయని మా చిన్నది వ్రేలితో ఒక్కొక్క యక్షరమును తడవి చూచినది. లేదు.