సెల్లారులో తెల్ల కారు

డ్రైవింగ్ సీట్లో కూర్చోబోతూ మెకానిక్ కుర్రాడు సీటు కిందకి చెయ్యి పోనిచ్చాడు, కాస్త ముందుకు జరుపుకుందామని.

"వద్దు బాబూ, సీటు కదపకు" అందావిడ గబుక్కున.

వాడు వింతగా చూసి, సీటు అంచు మీదే కూర్చుని, కాళ్లు చాపి తాళం తిప్పాడు. టిక్ టిక్ టిక్... అంతే. డాష్‌బోర్డు మీది దీపాలు గుడ్డిగా వెలిగి ఆరిపోయాయి.

విజయవాడలో ఓ అపార్ట్‌మెంటు సెల్లారు. ఆయన పోయి రెండేళ్లు. ఆరడుగుల మనిషి. ఆయన ఎంత వెనక్కి జరుపుకుని కూర్చునేవారో సీటు ఇప్పటికీ అంతే వెనక్కి ఉంది. ఆవిడకు డ్రైవింగ్ రాదు. డల్లాస్‌లో ఉన్న కొడుకు తండ్రి తద్దినానికి వచ్చినప్పుడు పది రోజులు నడుపుతాడు. వాడిదీ తండ్రి పొడవే. మిగతా ఏడాదంతా దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటుందా కారు.

"ఈ రెండేళ్లలో రెండు బ్యాటరీలు మింగిందమ్మా. అమ్మేద్దాం" అన్నాడు కొడుకు ఫోన్లో. తప్పేం అనలేదు, లెక్క ప్రకారం నిజమే.

"చూద్దాంలేరా" అంది.

లెక్క అంటే ఆవిడకు సరదానే. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పింది. ఆరు గదులు, గదికి రెండు వోల్టుల పైచిలుకు, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాసిందో. మెకానిక్ మీటరు పెడితే 11.6 చూపించింది. అంటే ఖాళీ.

"బండి కదలకుండానే కరెంటు ఎవరు తాగేస్తున్నారోయ్?"

"గడియారం, సెంట్రల్ లాకు, లోపలి కంప్యూటరు... ఇవి నిద్రపోవమ్మా" అంటూ వైరు విప్పి కొలిచి చూపించాడు. 40 మిల్లీ ఆంపియర్లు. ఆవిడ పాల లెక్క రాసుకునే క్యాలెండరు వెనక గుణించింది. రోజుకు దాదాపు 1 ఆంపియర్ అవర్. బ్యాటరీ 35. అంటే నెలకు అటూ ఇటూగా అంతా ఖాళీ, ఇంజను తిప్పే సత్తువ ఇంకా ముందే పోతుంది. ఖాళీగా వదిలేసిన కొద్దీ లోపలి పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జింగు పెట్టినా పాత సత్తువ రాదు. పైగా బెజవాడ ఎండలు. వేడి పెరిగేకొద్దీ ఏ వైరూ తగిలించకపోయినా బ్యాటరీ తనంతట తనే కరిగిపోతుంది.

అసలు తమాషా ఏంటంటే, ఆవిడ జాగ్రత్త పడుతూనే ఉంది. ప్రతి ఆదివారం వాచ్‌మన్ చేతిలో యాభై రూపాయలు పెట్టి అయిదు నిమిషాలు ఇంజను ఆన్ చేయిస్తోంది. స్టార్టరు ఒక్క తిప్పుకి లాగేసిన కరెంటునీ, వారం పొడుగునా కారిపోయిందాన్నీ నిలబడ్డ ఇంజను అయిదు నిమిషాల్లో తిరిగి నింపలేదని మెకానిక్ చెబితే నుదురు కొట్టుకుంది. డబ్బులిచ్చి మరీ బ్యాటరీని చంపించిందన్నమాట!

కొత్తది కొనడానికి తనే వెళ్లింది. షాపతను పెద్ద సైజు అంటగట్టబోయాడు. కారే కరెంటు అంతే అయినప్పుడు పెద్దది కొంటే నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది, అంతేగా? ట్రేలో సరిగ్గా కూర్చోదు కూడా. పాత సైజే చాలంది. తయారైన నెల చూపించమంటే మొదట తెచ్చింది ఎనిమిది నెలల కిందటిది. అరలో ఊరికే కూర్చున్నా వయసు వయసే కదా! రెండు నెలల కిందటిది తెప్పించుకుని, మీటరు పెట్టించి, వారంటీ కార్డులో తేదీ రాయించుకుంది. పాతది వెనక్కిచ్చేసి దాని సీసం ధర తగ్గించుకుంది.

నెమ్మదిగా చార్జింగ్ చేస్తూ ఉండే చిన్న చార్జరు పెట్టుకోవచ్చుగానీ, సెల్లారులో ప్లగ్గు అసోసియేషన్ మీటరుది. ప్రెసిడెంటుగారితో ఆ పంచాయితీ ఎవరు పడతారు? పదో నంబరు స్పానరుతో నెగెటివ్ వైరు విప్పడం నేర్చుకుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగింది. డాష్‌బోర్డు అరలో సగం వాడిన వ్యాజ్‌లీన్ డబ్బా దొరికింది. ఆయన కాళ్ల పగుళ్లకేమో అనుకునేదిన్నాళ్లూ. టెర్మినళ్లకు రాయడానికట!

అయినా వేసవిలో రెండు నెలలు పోయేసరికి మీటరు 12.3కి దిగింది. మెకానిక్ చార్జింగ్‌కి పట్టుకెళుతూ అన్నాడు: "వైరు విప్పితే ప్రాణం నిలుస్తుందమ్మా, అంతే. వారానికోసారి అరగంట రోడ్డెక్కితే బ్యాటరీకే కాదు, టైర్లకీ బ్రేకులకీ కూడా మంచిది."

"ఎవరు ఎక్కిస్తారు రోడ్డు?"

వాడు మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. ఆ నెలాఖరున, అరవై ఒకటో ఏట, డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

లైసెన్సు చేతికొచ్చాక ఓ ఆదివారం పొద్దున్నే సెల్లారులోకి దిగింది. దుప్పటి తీసి మడతపెట్టింది. వైరు బిగించింది. సీట్లో కూర్చుంటే కాలు క్లచ్చుకి అందలేదు. చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. వాచ్‌మన్ వచ్చి "ఏమైందమ్మా, బ్యాటరీయా?" అన్నాడు. కాదంది. సీటు కింద మీట పట్టుకుని ముందుకు లాగింది. నాలుగుసార్లు టక్కుమంది. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది ఇంజను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లొస్తుంది. వెనకాల హారన్లు మోగుతూనే ఉంటాయి, నలభై దాటదు మరి. వచ్చాక బండి ఆపి, దిగే ముందు మీట పట్టుకుని సీటు వెనక్కి తోస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ తర్వాతే దిగి తలుపు వేస్తుంది.